పాస్‌వర్డ్‌లన్నీ ఒకేచోట దాచడం తెలివైన పనేనా?

మీరు అడిగింది టూకీగా ఇదీ. 2022లో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లన్నీ ఒకేచోట తాళమేసి దాచే సాఫ్ట్‌వేర్) నుంచి జనం వాల్ట్‌లే, అంటే ఆ పాస్‌వర్డ్‌ల పెట్టెలే పోయాయి. 2025 జూన్‌లో "1600 కోట్ల పాస్‌వర్డ్‌లు లీక్" అని వార్త వచ్చింది. ఇంత జరుగుతుంటే అన్ని పాస్‌వర్డ్‌లూ ఒకేచోట పెట్టమనడం దొంగకి పని తేలిక చేయడం కాదా? దానికంటే ఒక్క గట్టి పాస్‌వర్డ్ పెట్టుకుని సైటును బట్టి చివర రెండక్షరాలు మార్చుకోవడమో, డైరీలో రాసుకోవడమో మేలు కాదా? పైగా 2021 దాకా మీరూ లాస్ట్‌పాసే వాడి, ఖాతాని అలాగే వదిలేశానన్నారు. ఆ సంగతి చివర్లో రాశాను. నిజానికి మీరు ముందు చేయాల్సింది అదే, కాబట్టి ఓపిక లేకపోతే ముందు అక్కడికే వెళ్లండి.

సూటి జవాబు: పాస్‌వర్డ్ మేనేజరే వాడండి. కాకపోతే మూడు షరతులు. మాస్టర్ పాస్‌వర్డ్‌ని, అంటే మేనేజర్‌ని తెరిచే ఆ ఒక్క పాస్‌వర్డ్‌ని, మీ బుర్రతో కాకుండా పాచికలతో ఎంచుకోవాలి. మేనేజర్‌కీ మీ మెయిల్ ఖాతాకీ రెండో అంచె తాళం ఉండాలి. వాల్ట్ కాపీ ఒకటి మీ దగ్గర విడిగా ఉండాలి. ఈ మూడూ కుదరని వాళ్లకి డైరీ రెండో స్థానం, అందులో నామోషీ ఏమీ లేదు. చివర రెండక్షరాలు మార్చే పద్ధతి మాత్రం మేనేజర్, డైరీల తర్వాత అట్టడుగున ఉంటుంది. చాలామంది దాన్నే తెలివైన మధ్యేమార్గం అనుకుంటారు, అందుకే దాంతోనే మొదలెడతాను.

ఖాతాలు పోయే తీరు చూస్తే, మీ ఒక్కరినే గురిపెట్టి ఎవరో కూర్చుని పాస్‌వర్డ్ ఊహించడం అరుదు. ఎక్కడో ఒక చిన్న సైటు డేటాబేస్ పోతుంది. అందులోని మెయిల్, పాస్‌వర్డ్ జంటల్ని తీసుకుని ఒక ప్రోగ్రాం వందల సైట్లలో వరసగా ప్రయత్నిస్తుంది. దీన్నే క్రెడెన్షియల్ స్టఫింగ్ అంటారు. 2023లో 23అండ్‌మీ అనే జన్యు పరీక్షల కంపెనీ విషయంలో జరిగింది ఇదే. వేరే చోట్ల లీకైన పాస్‌వర్డ్‌లతో దొంగలు నేరుగా తెరిచినవి సుమారు 14,000 ఖాతాలు. కానీ బంధువుల్ని వెతికిపెట్టే సదుపాయం ద్వారా ఆ ఖాతాలకి కనబడే సమాచారమంతా కలిపితే దాదాపు 69 లక్షల మందిది బయటపడింది. పాస్‌వర్డ్ మళ్లీ వాడింది 14,000 మంది, దాని ఫలితం మోసింది అందరూ.

ఇక చివర మార్పు సంగతి. మీ పాస్‌వర్డ్ "ఏనుగుబలం77" అనీ, ఒక సైటులో దాని చివర "ఎఫ్‌బి", ఇంకోచోట "జీఎం" తగిలిస్తారనీ అనుకుందాం. ఒక్క లీకు చూసినా అనుమానం వస్తుంది, రెండు లీకులు పక్కపక్కన పెడితే చిన్నపిల్లాడికైనా సూత్రం అర్థమైపోతుంది. లీకైన పాస్‌వర్డ్‌కి అంకె కలపడం, మొదటి అక్షరం పెద్దది చేయడం, సైటు పేరు తగిలించడం లాంటి మార్పుల్ని పగలగొట్టే పనిముట్లు వాటంతట అవే ప్రయత్నిస్తాయి. ఆ మార్పుల పట్టికల్ని రూల్స్ అంటారు, అవి రెడీమేడ్‌గా దొరుకుతాయి. మీరు పదేళ్లుగా గుట్టుగా దాచుకున్న తెలివి వాళ్ల పట్టికలో ఒక వరుస.

సరే, లాస్ట్‌పాస్ మాట. అక్కడ జరిగింది రెండు విడతలు. 2022 ఆగస్టులో డెవలపర్ల వ్యవస్థలోంచి సోర్స్ కోడ్, సాంకేతిక వివరాలు పోయాయి. ఆ తర్వాత, బ్యాకప్‌ల తాళాలు అందుబాటులో ఉన్న అతికొద్దిమంది ఇంజినీర్లలో ఒకరి ఇంటి కంప్యూటర్లోకి, పాతబడిన ఒక మీడియా సాఫ్ట్‌వేర్ లోపం గుండా దూరి, కీలాగర్ (నొక్కిన ప్రతి మీటనీ నమోదు చేసే ప్రోగ్రాం) పెట్టి, ఆయన మాస్టర్ పాస్‌వర్డ్ పట్టేశారు. అలా ఖాతాదారుల వాల్ట్ బ్యాకప్‌లు ఎత్తుకుపోయారు. కంపెనీ ఆ మాట ఒప్పుకున్నది డిసెంబరులో. వాల్ట్‌లో పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి గానీ సైట్ల చిరునామాలు మాత్రం విప్పిచెప్పినట్టే ఉన్నాయి. అంటే ఏ వాల్ట్ పగలగొడితే క్రిప్టో ఖాతా దొరుకుతుందో దొంగకి ముందే తెలుసు. నా దృష్టిలో ఆ కంపెనీ చేసిన పెద్ద తప్పుల్లో ఇదొకటి. రెండోది ఇంకా మౌలికమైనది, దాని దగ్గర కాస్త ఆగాలి.

మాస్టర్ పాస్‌వర్డ్ నుంచి వాల్ట్ తాళం తయారుచేసేటప్పుడు మేనేజర్ కావాలనే నత్తనడక నడుస్తుంది. ఒకే లెక్కని వేలసార్లు, లక్షలసార్లు తిప్పుతుంది. మీకు అది ఒక్కసారి పడే చిన్న ఆలస్యం, దొంగ మాత్రం ప్రతి ఊహకీ ఆ లెక్కంతా మళ్లీ చేయాలి. ఈ తిప్పుళ్లని ఇటరేషన్లు అంటారు. లాస్ట్‌పాస్ 2018 నుంచి కొత్త ఖాతాలకి 1,00,100 పెట్టింది గానీ, పాత ఖాతాలు చాలా 5,000 దగ్గరే, కొన్ని ఇంకా తక్కువ దగ్గరే ఉండిపోయాయి. ప్రస్తుతం ఇదే రకం లెక్కకి, అంటే షా-256తో నడిచే పీబీకేడీఎఫ్2కి, వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ సూచించేది 6 లక్షలు.

ఇది ఎంత తేడానో అంకెల్లో చూడండి. ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు ఒకటి, ఎండీ5 లాంటి పాత హ్యాష్ (పాస్‌వర్డ్‌ని వెనక్కి తిప్పలేని గజిబిజిగా మార్చే లెక్క) మీద సెకనుకి సుమారు 16,000 కోట్ల ఊహలు ప్రయత్నిస్తుంది. అదే కార్డు 6 లక్షల ఇటరేషన్ల మీద సెకనుకి 15,000 లోపే చేయగలదు. ఇప్పుడు ఒక మనిషి "తెలివిగా" పెట్టుకునే పాస్‌వర్డ్‌లు, అంటే పేరు, సంవత్సరం, ఒక గుర్తు, అక్షరం బదులు అంకె, ఇలాంటివన్నీ కలిపి 1,000 కోట్ల ఊహల జాబితా అనుకుందాం. ఎండీ5 అయితే ఆ జాబితా మొత్తం రెప్పపాటులో అయిపోతుంది. 5,000 ఇటరేషన్లు ఉంటే గంటన్నర. 1,00,100 ఉంటే ఒక రోజు పైచిలుకు. 6 లక్షలుంటే ఎనిమిది రోజులు. ఇదంతా ఒక్క కార్డుతోనే. కాబట్టి మనిషి బుర్రలోంచి పుట్టిన పాస్‌వర్డ్‌ని ఇటరేషన్లు కాపాడలేవు, కాస్త ఆలస్యం చేస్తాయంతే.

అదే పాచికలతో తీసిన ఐదు పదాల వాక్యం అయితే? 7,776 పదాల జాబితా నుంచి ఐదు పదాలు. మొత్తం అవకాశాలు సుమారుగా 28 తర్వాత పద్ధెనిమిది సున్నాలుండే సంఖ్య. 6 లక్షల ఇటరేషన్ల మీద ఒక కార్డుకి అన్నీ ప్రయత్నించడానికి 6 కోట్ల ఏళ్లు. సగటున అందులో సగానికి దొరుకుతుందనుకున్నా, పదివేల కార్డులు పెట్టినా, మూడు వేల ఏళ్లు. పాత 5,000 సెట్టింగులో కూడా పదివేల కార్డులకి సగటున పాతికేళ్లు పడుతుంది. అంటే కంపెనీ తప్పు చేసినా, వాల్ట్ దొంగ చేతిలో ఉన్నా, ఆ ఐదు పదాలు పెట్టుకున్న మనిషి పాస్‌వర్డ్‌లు బయటికి రావు. మీ ప్రశ్నకి అసలు జవాబు ఈ లెక్కలోనే ఉంది. వాల్ట్ పోదని నమ్మి మేనేజర్ వాడకూడదు, పోయినా తెరుచుకోని తాళం వేసి వాడాలి. ఒక కంపెనీ వాల్ట్‌లు పోయాయని మొత్తం మేనేజర్లనే వదిలేయడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

మాస్టర్ పాస్‌వర్డ్ ఎలా తీయాలి. ఐదు పాచికలు (ఒక్కటే ఉంటే ఐదుసార్లు) వేయండి. వచ్చిన ఐదంకెల సంఖ్య, ఉదాహరణకి 4-1-6-2-3, జాబితాలో ఏ పదానికి ఎదురుగా ఉందో ఆ పదం తీసుకోండి. ఇలా ఐదుసార్లు. ఈ పద్ధతి పేరు డైస్‌వేర్, 1995 నుంచీ ఉంది. డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఈఎఫ్ఎఫ్ సంస్థ 2016లో తేలిగ్గా గుర్తుండే పదాలతో కొత్త జాబితా ఇచ్చింది, అది వాడండి. వచ్చిన పదం నచ్చలేదని మళ్లీ వేయొద్దు. అలా ఎంచుకోవడం మొదలెట్టగానే మళ్లీ మీ బుర్రే పాస్‌వర్డ్ పెట్టినట్టు.

తెలుగు పదాలు పెట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. పెట్టుకోవచ్చు, కాకపోతే రెండు చిక్కులున్నాయి. తెలుగు లిపిలో టైప్ చేస్తే వేరే కంప్యూటర్ లాగిన్ తెర మీద తెలుగు కీబోర్డు ఉండకపోవచ్చు. పైకి ఒకేలా కనబడే అక్షరం లోపల వేరే కోడ్‌లతో నమోదయ్యే అవకాశమూ ఉంది, అప్పుడు సరైన పాస్‌వర్డే తప్పంటుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే "గొడుగు"లో చివరి అక్షరం "యు"నా, "వేడి"లో "ఈ" ఒకటా రెండా అన్న తికమక వస్తుంది. మొదటి రోజే ఎలా రాశారో కాగితం మీద అలాగే రాసిపెట్టుకోండి. పాటల పల్లవులు, సామెతలు, సినిమా డైలాగులు మాత్రం వద్దు. నలుగురికి నోటికొచ్చేది దొంగకీ వస్తుంది.

కొత్త మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టాక మొదటి వారం వేలిముద్రతో తెరవడం ఆపేసి రోజూ రెండుమూడుసార్లు చేత్తో టైప్ చేయండి. నోటికి రాకపోయినా వేళ్లకి వస్తుంది. కాగితం మీద రాసినదాన్ని ఇంట్లో ముఖ్యమైన కాగితాలతో పాటు పెట్టండి. మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోయి శాశ్వతంగా తలుపు మూసుకున్నవాళ్లూ ఉంటారు. సరిగ్గా కట్టిన మేనేజర్‌లో "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అని నొక్కినా కంపెనీ ఏమీ చేయలేదు, వాళ్ల దగ్గర తాళమే ఉండదు.

మేనేజర్ ఇచ్చే ఇంకో లాభం పెద్దగా ఎవరూ చెప్పరు. నా లెక్కలో పాస్‌వర్డ్‌లు దాచడం కంటే అదే విలువైనది. అది పాస్‌వర్డ్‌ని మీ కంటికి కనబడే పేజీని చూసి నింపదు, చిరునామా పట్టీలోని డొమైన్‌ని, అంటే సైటు అసలు పేరుని చూసి నింపుతుంది. బ్యాంకు పేజీని అచ్చుగుద్దినట్టు దింపి, చిరునామాలో "ఎల్" బదులు అంకె "1" పెట్టినా, అసలు పేరు ముందు పెట్టి చివర వేరే డొమైన్ తగిలించినా మీ కన్ను మోసపోతుంది. మేనేజర్ మాత్రం మోసపోదు, నింపడానికి ఏమీ లేదంటుంది. మేనేజర్ నింపడం లేదంటే అక్కడ ఆగండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. "ఇదేంటి పనిచేయట్లేదు" అని వాల్ట్ తెరిచి, వెతికి, కాపీ చేసి, చేత్తో అతికిస్తారు. దొంగ కోరుకునేది సరిగ్గా అదే. కొన్నిసార్లు సైటు నిజంగానే లాగిన్ పేజీని వేరే డొమైన్‌కి మార్చి ఉండొచ్చు. అప్పుడు ఆ ట్యాబు మూసేసి, చిరునామా మీరే టైప్ చేసి లోపలికి వెళ్లి, అక్కడా అదే డొమైన్ వస్తే వాల్ట్‌లో జతచేయండి.

ఇదే కారణంగా, పేజీ తెరవగానే తనంతట తానే నింపే ఆటోఫిల్ సెట్టింగుని ఆపేసి, మీరు నొక్కితేనే నింపేలా పెట్టుకోండి. కాపీ చేయక తప్పనప్పుడు క్లిప్‌బోర్డు 30 సెకన్లలో ఖాళీ అయ్యేలా పెట్టండి. విండోస్‌లో క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆన్‌లో ఉందేమో కూడా చూసుకోండి. ఉంటే మీరు కాపీ చేసినవన్నీ అక్కడ వరసగా కూర్చుని ఉండే అవకాశముంది.

రెండో అంచె తాళం. ఎస్ఎంఎస్ ఓటీపీ ఏమీ లేనిదానికంటే నయం, అంతకుమించి కాదు. దొంగలు మీ నంబరుని వేరే సిమ్‌లోకి మార్పించుకుంటే ఓటీపీలన్నీ వాళ్లకే వెళతాయి. 2019లో ట్విటర్ అధిపతిగా ఉన్న జాక్ డోర్సీ ఖాతానే ఆయన నంబరు కొట్టేసి వాడుకున్నారు. ప్రతి 30 సెకన్లకి ఆరంకెల కోడ్ మార్చే యాప్ దానికంటే మేలు, సిమ్‌తో దానికి పనిలేదు. కానీ దొంగపేజీ ముందు అదీ నిలవదు. మీరు టైప్ చేసిన కోడ్‌ని ఆ 30 సెకన్లు దాటకముందే దొంగపేజీ అసలు సైటుకి అందించేస్తుంది.

దొంగపేజీ ముందు నిజంగా నిలిచేవి హార్డ్‌వేర్ కీ (కంప్యూటర్‌కి గుచ్చే చిన్న తాళంచెవి లాంటి పరికరం), పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు మీ ఫోనో, కంప్యూటరో, మేనేజరో దాచుకునే డిజిటల్ తాళంచెవి). రెండూ డొమైన్‌తో ముడిపడి ఉంటాయి, చిరునామా తేడా వస్తే పనిచేయవు. 2022లో ట్విలియో, క్లౌడ్‌ఫ్లేర్ అనే రెండు టెక్ కంపెనీల ఉద్యోగులకీ ఒకే రకం మోసపు మెసేజీలు వచ్చాయి. క్లౌడ్‌ఫ్లేర్‌లో ముగ్గురు తమ పాస్‌వర్డ్‌ని దొంగపేజీలో కొట్టేశారు కూడా. అయినా లోపలికి ఎవరూ రాలేకపోయారు, అక్కడ అందరికీ హార్డ్‌వేర్ కీలు తప్పనిసరి కాబట్టి. ట్విలియోలో మాత్రం చొరబాటు జరిగింది.

కీ కొంటే రెండు కొనండి, రెండూ ఒకేరోజు నమోదు చేయండి, ఒకటి ఇంట్లో పెట్టండి. ఒక్కటే కొని, పోగొట్టుకుని, ఖాతాకి దూరమైతే కొండనాలుకకి మందేస్తే ఉన్ననాలుక ఊడినట్టవుతుంది. పాస్‌కీల గురించి ఒక మెలిక చెప్పాలి. చాలా సైట్లు పాస్‌కీ ఇచ్చినా వెనకాల పాత పాస్‌వర్డ్ దారి, "మెయిల్‌కి లింకు పంపు" దారి తెరిచే ఉంచుతాయి. కాబట్టి పాస్‌కీ పెట్టగానే పాత పాస్‌వర్డ్‌ని వదిలేయకుండా, దాన్నీ మేనేజర్ తయారుచేసిన 20 అక్షరాల గజిబిజిగా మార్చేయండి. మేనేజర్‌ని కాపాడే ఓటీపీ కోడ్‌ని అదే మేనేజర్‌లో దాచొద్దు. బీరువా తాళంచెవిని బీరువాలో పెట్టినట్టే అది.

ఇక 1600 కోట్ల వార్త. అది ఏ ఒక్క కంపెనీ నుంచో కొత్తగా పోయిన డేటా కాదు. ఎన్నో పాత లీకులు, ఇన్ఫోస్టీలర్ అనే రకం వైరస్‌లు జనం కంప్యూటర్ల నుంచి ఊడ్చిన జాబితాలు కుప్పగా దొరికాయి. ఒకే జంట పదిసార్లు ఉన్నా పదిగానే లెక్కపెట్టారు. శీర్షిక చూసి కంగారుపడి పాస్‌వర్డ్‌లన్నీ మార్చక్కర్లేదు. నిర్ణీత గడువుకోసారి మార్చాలన్న పాత నియమాన్ని కూడా అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే పక్కన పెట్టింది. ఊరికే మార్పిస్తే జనం చివరి అంకె పెంచుకుంటూ పోతారు తప్ప ఒరిగేదేమీ లేదు. లీకైందని తెలిస్తే మార్చండి, లేకపోతే వదిలేయండి.

లీకైందో లేదో చూడటానికి ట్రాయ్ హంట్ 2013లో మొదలెట్టిన హ్యావ్ ఐ బీన్ పోన్డ్ ఉంది. చాలా మేనేజర్లు పాస్‌వర్డ్‌లని దానితోనే పోల్చి చెబుతాయి. "నా పాస్‌వర్డ్‌ని వాళ్లకి పంపించడమేంటి?" అన్న సందేహం సహజమే. పంపరు. పాస్‌వర్డ్‌ని 40 అక్షరాల హ్యాష్‌గా మార్చి, అందులో మొదటి ఐదు అక్షరాలు మాత్రమే పంపుతారు. ఆ ఐదుతో మొదలయ్యే హ్యాష్‌లన్నీ తిరిగొస్తాయి, మీది అందులో ఉందో లేదో మీ కంప్యూటరే చూసుకుంటుంది. అవతలివాళ్లకి మీరు వెతికిందేమిటో తెలియదు.

ఆ వార్తలో నిజంగా భయపడాల్సింది అంకె గురించి కాదు, ఇన్ఫోస్టీలర్ గురించి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారే, ఇది అలాంటిది. దొంగ సాఫ్ట్‌వేర్, ఆటల చీట్‌లు, ఉత్తుత్తి పీడీఎఫ్‌ల ద్వారా వస్తుంది. ఈమధ్య ఇంకో దారి: "మీరు రోబో కాదని నిరూపించండి" అని చెప్పి విండోస్ మీటతో పాటు ఆర్, తర్వాత కంట్రోల్‌తో పాటు వీ, తర్వాత ఎంటర్ నొక్కమంటుంది. అంటే మీ చేత్తోనే వైరస్ నడిపిస్తుంది. ఏ సైటుకీ మిమ్మల్ని ఆ మీటలు నొక్కమనాల్సిన అవసరం ఉండదు. ఇన్ఫోస్టీలర్ ఊడ్చేది బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లతో పాటు కుకీలు కూడా. కుకీ అంటే "ఈ మనిషి ఇప్పటికే లాగిన్ అయ్యాడు" అన్న చీటీ. అది దొరికితే పాస్‌వర్డూ వద్దు, ఓటీపీ వద్దు. 2023 మార్చిలో లైనస్ టెక్ టిప్స్ యూట్యూబ్ ఛానల్ పోయింది ఇలాగే. స్పాన్సర్‌షిప్ ఒప్పందం పేరుతో వచ్చిన ఫైలు తెరిచారు, అంతే.

ఇలా జరిగిందని అనుమానమొస్తే పనుల వరుస ముఖ్యం. వైరస్ ఉన్న కంప్యూటర్లోనే కూర్చుని పాస్‌వర్డ్ మార్చితే కొత్తదాన్ని కూడా దొంగ చేతిలో పెట్టినట్టే. ఆ కంప్యూటర్‌ని ముందు నెట్ నుంచి తీసేయండి. వేరే శుభ్రమైన ఫోన్లో మెయిల్ తెరిచి "అన్ని పరికరాల నుంచి లాగౌట్" నొక్కండి, దాంతో దొంగ దగ్గరున్న కుకీ చెల్లదు. తర్వాత మెయిల్ పాస్‌వర్డ్, ఆపైన డబ్బు ఖాతాలు, ఆపైన మిగతావి. మెయిల్ సెట్టింగుల్లో ఫార్వర్డింగ్ చిరునామా, ఫిల్టర్లు, రికవరీ నంబరు కూడా చూడండి. దొంగలు అక్కడ తమదొకటి పెట్టిపోతారు, ఆర్నెల్ల తర్వాత మళ్లీ వస్తారు. కంప్యూటర్‌ని యాంటీవైరస్‌తో తుడిచి సరిపెట్టకుండా మొత్తం చెరిపేసి ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా ఎక్కించడమే నా సలహా.

మొదలుపెట్టే వరుస. బిట్‌వార్డెన్, 1పాస్‌వర్డ్, కీపాస్ఎక్స్‌సీ, ఈ మేనేజర్లలో ఏదైనా సరే. క్లౌడ్ అంటేనే గిట్టకపోతే మూడోది. అది మీ దగ్గరుండే ఒక్క ఫైలు, కానీ ఆ ఫైలుని ఫోనుకీ కంప్యూటర్‌కీ మధ్య మోసే పని, పోకుండా చూసే పని మీదే. 1పాస్‌వర్డ్‌లో మాస్టర్ పాస్‌వర్డ్‌తో పాటు మీ పరికరంలోనే పుట్టే రహస్య కీ కూడా తాళంలో కలుస్తుంది. అందువల్ల వాళ్ల సర్వర్ నుంచి వాల్ట్ పోయినా మాస్టర్ పాస్‌వర్డ్ ఊహించడం ఒక్కటే సరిపోదు. ఆ కీ ఉన్న ఎమర్జెన్సీ కిట్ కాగితం పారేసుకుని, లాగిన్ అయి ఉన్న పాత పరికరం కూడా చేతిలో లేకపోతే మాత్రం కొత్త ఫోన్లోకి మీరే వెళ్లలేరు.

బ్రౌజర్‌లో ఉన్న పాస్‌వర్డ్‌లని సీఎస్‌వీ ఫైలుగా ఎగుమతి చేసి మేనేజర్‌లోకి తెచ్చుకోవచ్చు. ఆ ఫైల్లో అన్నీ ఎవరైనా చదివేలా ఉంటాయని గుర్తుంచుకోండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ క్లౌడ్‌తో సింక్ అవుతుంటే ముందు దాన్ని ఆపండి. దిగుమతి కాగానే ఫైలు తీసేసి, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి, బ్రౌజర్‌లో పాతవి చెరిపి, "పాస్‌వర్డ్ సేవ్ చేయాలా" అన్నదాన్ని ఆపేయండి. ఈ చివరి పని మర్చిపోతే కొత్త పాస్‌వర్డ్‌లు సగం అక్కడా సగం ఇక్కడా చేరి నెల తిరక్కుండా అయోమయం మొదలవుతుంది.

అన్ని ఖాతాలూ ఒక్క ఆదివారంలో మార్చాలని కూర్చోకండి, నలభయ్యో సైటు దగ్గర విసిగి మానేస్తారు. మొదటిరోజు మెయిల్, డబ్బు, ఫోను ఖాతాలు. మిగతావి ఎప్పుడు లాగిన్ అవసరమైతే అప్పుడు ఒక్కొక్కటి. రెండు నెలల్లో ముఖ్యమైనవన్నీ వాటంతట అవే అయిపోతాయి. "మీ మొదటి బడి పేరేంటి" లాంటి ప్రశ్నలకి నిజం చెప్పకుండా మేనేజర్ ఇచ్చిన గజిబిజి పెట్టి, నోట్స్‌లో దాచండి.

బ్యాకప్ మూడు నెలలకోసారి చాలు. బిట్‌వార్డెన్‌లో ఎన్‌క్రిప్ట్ చేసిన ఎగుమతి రెండు రకాలు: ఖాతాకి పరిమితమైనది, పాస్‌వర్డ్‌తో కాపాడినది. రెండోదే ఎంచుకోండి. మొదటిది అదే ఖాతాలోకి మాత్రమే తిరిగి వెళుతుంది. ఆ ఖాతానే పోతే ఆ ఫైలు ఎందుకూ పనికిరాదు. పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఒకసారి నిజంగా తెరుచుకుంటుందో లేదో కూడా చూడండి.

డైరీ గురించి రెండే మాటలు. ఇంట్లోనే ఉండే డైరీని ప్రపంచం అవతలున్న దొంగ చదవలేడు. ఫోను తప్ప ఏదీ వాడని పెద్దవాళ్లకి నేనూ అదే చెప్తాను. కానీ డైరీ దొంగపేజీని పట్టుకోదు, చూసి కొట్టాలి కాబట్టి జనం చిన్న పాస్‌వర్డ్‌లే పెడతారు, రెండో కాపీ ఉండదు. వీపీఎన్ కొనమంటారా అని కూడా అడిగారు. ఈ సమస్యలో దేనికీ అది మందు కాదు.

మీ పాత వాల్ట్. ఖాతా వదిలేశారంటే తొలగించలేదని నా అర్థం. అలాగైతే 2022లో పోయిన బ్యాకప్‌లో మీదీ ఉందనుకునే నడవండి. ఇప్పుడు వెళ్లి మాస్టర్ పాస్‌వర్డ్ మార్చినా, ఖాతా మూసేసినా దొంగ దగ్గరున్న కాపీ మారదు, దానికి పాత తాళమే ఉంటుంది. కాబట్టి మార్చాల్సింది లోపలున్న పాస్‌వర్డ్‌లు. అప్పటి మాస్టర్ పాస్‌వర్డ్ మీ బుర్రలోంచి పుట్టినదైతే ఈ వారమే చేయండి. పాత ఖాతాలోకి వెళ్లగలిగితే లోపలేముందో జాబితా తీసుకోండి, తర్వాతే ఖాతా తొలగించండి. 2021 నుంచి మార్చని ప్రతి పాస్‌వర్డ్ మార్చండి, మెయిల్‌తో మొదలుపెట్టి. వాల్ట్ నోట్స్‌లో క్రిప్టో వాలెట్ పదాలు (వాలెట్‌ని తెరిచే రహస్య పదాల వరుస) ఉంటే పాస్‌వర్డ్ మార్చినట్టు వాటిని మార్చలేం. కొత్త వాలెట్ తెరిచి సొమ్ము అందులోకి తరలించాలి. ఓటీపీ సీక్రెట్‌లు (యాప్‌లో ఆరంకెల కోడ్‌లని పుట్టించే రహస్య కీలు) దాచి ఉంటే ఆయా సైట్లలో ఓటీపీని ఆపి, కొత్త క్యూఆర్ కోడ్‌తో మళ్లీ ఆన్ చేయండి. గుర్తింపు కార్డుల స్కాన్‌లు, రికవరీ కోడ్‌లు (రెండో అంచె తాళం పోతే లోపలికి వెళ్లడానికి సైటు ఇచ్చే కోడ్‌లు) కూడా అందులో ఉన్నాయేమో చూసుకోండి. రికవరీ కోడ్‌లని చాలా సైట్లలో ఒక్క బటన్‌తో కొత్తవి చేసుకోవచ్చు, అప్పుడు పాతవి వెంటనే చెల్లకుండా పోతాయి.